పేరులేని వాన



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆయన్ని ఈ ఊళ్లో పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అయ్యవారు అంటే ఆయనే. బడిలో లెక్కలు చెప్పారు. బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టించి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, విరమించిన తర్వాత కూడా, పొద్దున ఎనిమిదిన్నరకు గరాటు కింది సీసా తీసి కొలిచి పుస్తకంలో రాశారు. దేశమంతటా వాతావరణ శాఖ వాన కొలిచే వేళ అదే. ఆ పుస్తకంలో మిల్లీమీటర్ల పక్కన అయ్యవారు సొంతంగా గీసుకున్న గడి ఒకటి ఉంది. చప్టా మీద మోకాటి లోతు నీళ్లు, చెరువు కలుజు పారింది, కాలనీ దారి మునిగింది, ఇలాంటి మాటలు అందులో ఉంటాయి. వాన ఎంత పడిందన్నది మొదటి గడి. పడిన వాన ఊళ్లోకి వచ్చి ఏం చేసిందన్నది రెండో గడి. చిన్ననీటి వనరుల శాఖలో ఇంజనీరుగా చెరువు కట్టల మీద బతికినవాణ్ణి కాబట్టి నేనూ ఆ రెండో గడి గురించే మాట్లాడతాను.

చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. శ్రీహరికోట తీరంలో మనం పేరున్న తుఫానుకు సిద్ధమవుతున్నాం. పేరులేని వానకు సిద్ధం కావడం లేదు. సముద్రానికి ఎదురుగా నిలబడి కాపలా కాస్తున్నాం. నీళ్లు మాత్రం వెనక నుంచి, పడమటి కొండల నుంచి వస్తున్నాయి.

2021 నవంబరు గుర్తు చేసుకోండి. ఆ నెల 18న తిరుమల కొండ మీద, తిరుపతి పట్నంలో వాన దంచి కొట్టింది. ఘాట్ రోడ్లు, నడకదారి మూసేశారు. తిరుపతి వీధుల్లో మోటారు సైకిళ్లు కొట్టుకుపోయాయి. మర్నాడు తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. అది వాయుగుండమే, తుఫాను కాదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫాను అంటారు, అప్పుడే దానికి పేరు పెడతారు. ఈ వాయుగుండం ఆ గీత దాటలేదు. అదే రోజు, కార్తీక పౌర్ణమి పొద్దున, రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా ప్రాజెక్టు నీళ్లు, చెయ్యేటి నీళ్లు కలిసి వచ్చిపడితే గేట్లు వదలగలిగిన నీళ్లు చాలలేదు. గేట్లలో ఒకటి పనిచేయలేదన్న సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్ల మీద ఏరు పడింది. గుడిలో దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. ఆ తర్వాత పెన్న పొంగి నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింది కట్టను కోసేసింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. ఇన్ని చేసిన ఆ వాయుగుండానికి పేరు లేదు. పేరు లేకపోబట్టి టీవీలో ముందు రోజు దాని బొమ్మ అంతగా తిరగలేదు, మన ఊళ్లో చాటింపు లేదు, మన బడి పునరావాస కేంద్రం కాలేదు. దాని గురించి మనవాళ్లకు ముందుగా అందిన మాట ఒక్కటే, వానలు పడతాయని.

సముద్రం వైపు మనం నేర్చుకున్న పాఠం చిన్నది కాదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీదికి ఉప్పెన వచ్చినప్పుడు 30 వేల మంది దాకా పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో 10 వేల మంది. 1990 మేలో అదే కృష్ణా ముఖద్వారం దగ్గర, దాదాపు అంతే బలంతో తుఫాను దాటితే మృతులు వెయ్యి లోపే. గాలి తగ్గలేదు, సముద్రం దయ చూపలేదు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి, కలెక్టర్ల దగ్గర ఏ ఊరిని ముందు ఖాళీ చేయాలో చెప్పే కాగితం తయారైంది, రేడియో మాటను నమ్మడం జనానికి అలవాటైంది. మన తీరం కూడా తక్కువ చూడలేదు. 1984 నవంబరు 14న తీవ్ర తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరాన్ని తాకింది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుఫాను థాయిలాండును చిందరవందర చేసి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని వచ్చింది. 2004 సునామీ తర్వాత హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థ సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టింది, 2007 నుంచి అది పనిచేస్తోంది.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పాలి, ఎందుకంటే కుర్రవాళ్లకు ఇది బడిలో ఎవరూ చెప్పడం లేదు. మన సముద్రంలో తుఫాను గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది తూర్పు నుంచి వచ్చి తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి కొడుతుంది, నీటిని తోసుకొస్తుంది. దక్షిణాన గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. అంటే చెన్నై దగ్గర దాటే తుఫాను శ్రీహరికోటకూ దుగరాజపట్నానికీ ఉప్పెన భయం తెస్తుంది. కావలిలోనో బాపట్లలోనో దాటేది మనకు ఉప్పెన అంతగా తేదు, అందుకని మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ ఊపిరి దగ్గరే మోసం ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ ఏం చేసిందో చూశారు. మూడో తారీఖున తుఫానైంది. చెన్నైకి, నెల్లూరుకు ఎదురుగా తీరాన్ని ఆనుకుని మెల్లగా నడిచింది. ఐదో తారీఖు మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. తీరం దాటిన చోటు మనకు ఎంతో దూరం. కానీ దాటకముందే అది తన పడమటి అంచుతో రోజుల తరబడి మన కొండల మీద నీళ్లు కుమ్మరించింది. స్వర్ణముఖి, కాళంగి పొంగాయి. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు వైపు పల్లెలు నీళ్లలో నానాయి. తుఫాను వెళ్లిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు అని జనం షెల్టర్ల నుంచి లేచే వేళకు ఏర్లు ఇంకా కొండల్లోంచి దిగుతూనే ఉంటాయి. మట్టిగోడలు వానలోనే కాదు, వాన వెలిసి ఎండ కాసే రెండో రోజున కూడా కూలతాయి. నానిన గోడ అడుగు అప్పుడు కూడా జారుతుంది.

వానను ముందే చూసే సాధనాలు లేక ఇలా జరగడం లేదు. శ్రీహరికోట పెద్ద దీవి. ముందు బంగాళాఖాతం, వెనక పులికాట్. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో పని మొదలైంది. వాతావరణం కోసమే పంపిన కల్పన-1 ఉపగ్రహం 2002 సెప్టెంబరులో ఇక్కడి నుంచే లేచింది. ఇన్‌శాట్-3డీఆర్ 2016లో, ఇన్‌శాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరిలో, సముద్రం మీది గాలిని కొలిచే ఈఓఎస్-06 2022 నవంబరులో, ఇవన్నీ మన ఇళ్ల కిటికీలు అదిరేలా పైకెళ్లినవే. ఇస్రో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి మన దేశంలో తయారుచేసిన తొలి డాప్లర్ రాడార్ కూడా శ్రీహరికోటలోనే పెట్టారు. ఇటు గాదంకిలో, పాకాల దారిలో, ఆకాశం పొరల్లో గాలి కదలికను చూసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. మబ్బును చూడటానికి మన జిల్లాకున్న కళ్లు దేశంలో చాలా జిల్లాలకు లేవు. వాన వస్తుందో రాదో తెలియక మనం చావడం లేదు.

ఇంకో సంగతి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ తీరంలో ఒక్క పడవ కూడా ప్రమాద ప్రాంతంలో ఉండదు. ముందే మత్స్యశాఖ చెబుతుంది, పంచాయతీ చెబుతుంది, మెరైన్ పోలీసులు జాలరి కుప్పాలకు వచ్చి చెబుతారు, తీరరక్షక దళం సముద్రంలో చూసుకుంటుంది. చెప్పిన మాట చివరి పడవకు చేరిందా లేదా అని సరిచూసుకున్నాకే అంకెలు వెనక్కి లెక్కపెడతారు. ఎవరికైనా అనుమానం వస్తే లెక్క ఆపేస్తారు, అంత ఖర్చుపెట్టి నిలబెట్టిన రాకెట్టును ఆపినందుకు ఎవరూ వాళ్లను తప్పుపట్టరు. ఇక్కడి జాలర్లకు ఈ పద్ధతి పాత అలవాటు. వేట పోయిన రోజు కూలి సంగతి ఏమిటని వాళ్లు అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పేది ఏమిటంటే, చెప్పవలసిన ప్రతి మనిషికీ చెప్పి, చేరిందని రుజువు చూసుకునే పద్ధతి మన కళ్లముందే ఏళ్ల తరబడి నడుస్తోంది. ఉపగ్రహానికి చేసే ఆ ఏర్పాటు, ఆ ఉపగ్రహం చూసి చెప్పిన వానకు ఎందుకు చేయకూడదు? కాళంగి ఒడ్డు చివరి గుడిసెకు మాట చేరిందని ఎవరు సంతకం పెడుతున్నారు?

ఇక పడమటికి తిరుగుదాం. స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వాకాడు వైపు సముద్రంలో కలుస్తుంది. కాళంగి మన సూళ్లూరుపేట పక్కగా, చెంగాళమ్మ గుడి పక్కగా వచ్చి పులికాట్‌లో పడుతుంది. ఆరణియారు పిచ్చాటూరు ఆనకట్ట దాటి తమిళనాడులోకి పోయి అక్కడి నుంచి పులికాట్ చేరుతుంది. ఇవి గోదావరి, కృష్ణల వంటి నదులు కావు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. కొండ నుంచి సముద్రానికి దూరం తక్కువ, వాలు ఎక్కువ. పైన వాన పడితే గోదావరిలో ముందే భద్రాచలం నుంచి కబురొచ్చినట్టు ఇక్కడ రాదు. కొన్ని గంటలే గడువు. అదీ రాత్రి అయితే అంతే సంగతులు.

ఈ ఏర్ల మధ్య చెరువులు ఉన్నాయి. ఒకదాని కలుజు నీళ్లు కింది చెరువుకు వాగవుతాయి. నెల్లూరు వైపు కలుజు అంటాం, చిత్తూరు వైపు మొరవ అంటారు. నీళ్లు మిగిలితే పొర్లి పోవడానికి రాళ్లతో కట్టిన దారి అది. పది చదరపు కిలోమీటర్ల నేల మీద ఇరవై సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. అది 20 లక్షల ఘనమీటర్ల నీళ్లు, పాత లెక్కలో 70 మిలియన్ ఘనపుటడుగులు. అందులో సగం నేల తాగినా మిగిలిన సగం ఒక చిన్న ఊరి చెరువుకు ఎక్కువే. కలుజు ముందు ఎవరో గట్టు వేసి రెండు సెంట్లు కలుపుకున్నా, పిచ్చి తుమ్మ మొలిచినా, చేపలు పోకుండా అడ్డం వల కట్టి మట్టి పోసినా, ఆ నీరు కట్ట మీదికి లేస్తుంది. మట్టికట్ట మీది నుంచి నీళ్లు పొర్లడం మొదలైతే కట్ట ఎంతోసేపు నిలవదు. ఒక చెరువు తెగితే కింది చెరువుకు దాని వాన, పై చెరువు నీళ్లు రెండూ ఒక్కసారి వస్తాయి. గొలుసుకట్టు చెరువుల్లో మొదటి గండి పడిన ఊరి కంటే చివరి ఊరు ఎక్కువ మునగడం ఇందుకే.

2021లోనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నీరు కారడం మొదలుపెట్టింది. కింది పల్లెల్ని ఖాళీ చేయించి, ఇసుక మూటలు వేసి, రాత్రింబవళ్లు కాపలా కాశారు. కట్ట నిలిచింది. నిలిచిన కట్టల గురించి మనం ఎప్పుడూ సభలు పెట్టుకోలేదు. పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ పనిచేసిన చేతులకు ఏం తెలుసో తర్వాతి వాళ్లకు తెలియాలి. 2025 నవంబరులో మరోలా జరిగింది. కె.వి.బి.పురం మండలం ఓళ్లూరు దగ్గర చెరువు తెగి కళత్తూరు మీద పడింది. పశువులు కట్టిన చోటే పోయాయి. మనుషులు పరుగెత్తగలిగారు, పలుపుతాడుతో కట్టిన గొడ్డు పరుగెత్తలేదు. ఎప్పుడు ఊరు వదలాల్సి వచ్చినా ముందు పలుపులు కోసేయండి. గొడ్డు ఈదుతుంది, గట్టు చూసుకుని ఎక్కుతుంది. ఇది మరిచిపోకూడదని ఇక్కడ చెబుతున్నాను.

కట్ట నీరు కారుతోంది అన్నప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. ప్రతి మట్టికట్టా కొంచెం చెమరుస్తుంది. కట్ట వెనక పాదం దగ్గర సన్నగా ఊట కనిపిస్తే ఒక గాజు గ్లాసు తీసుకుని ఆ నీరు పట్టండి. వెలుతురుకు పెట్టి చూడండి. తేటగా ఉంటే కట్ట నీటిని వడగడుతోంది, కంగారు లేదు, గమనిస్తూ ఉండండి. మట్టి రంగు తిరిగిందంటే కట్ట లోపలి మట్టి నీటితో కలిసి బయటికి వస్తోంది, లోపల సొరంగం పడుతోంది. అప్పుడు చాలామంది చేసే పని ఆ రంధ్రాన్ని బంకమట్టితో మూసేయడం. అలా చేయకూడదు. మూస్తే నీళ్లు పక్కన ఇంకో దారి చూసుకుంటాయి, కట్ట లోపల ఒత్తిడి పెరుగుతుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద లావు కంకర, పైన మూటలు. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. ఊట చుట్టూ మూటలతో గుండ్రంగా గోడ కట్టి అందులో నీళ్లు కొంత ఎత్తు నిలవనిస్తే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. దీనికి కావలసినవి ఇసుక, కంకర, సంచులు, మనుషులు. వాన పడుతున్న అర్ధరాత్రి ఇసుక ట్రాక్టరు దొరకదు. ఎండ కాసే సెప్టెంబరులోనే ఆ కుప్ప కట్ట మీద ఉండాలి.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్ట నీరు కారడం దోషాల్లో మొదటిది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకొక దోషం. ఆ దోషం చదివినప్పుడల్లా నాకు పులికాటే కళ్లముందుకొస్తుంది. సరస్సులో ఎక్కువ భాగం మనది, సముద్రంలోకి పోయే పెద్ద దారి పళవేర్కాడు దగ్గర తమిళనాడులో ఉంది. మన రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుక మేటలు వేసి పూడుకుపోతుంటాయి. మొగ తెరుచుకుని ఉంటే కాళంగి వరద సముద్రంలోకి దిగుతుంది, ఉప్పునీరు లోపలికొస్తుంది, రొయ్య పెరుగుతుంది. పూడుకుంటే వరద సరస్సులోనే నిలిచి వెనక్కి పల్లెల మీదికి తంతుంది. శ్రీహరికోట దారి సరస్సు మధ్యగా గట్టులా పోతుంది, దాని కింది తూములు ఎంత మంచి స్థితిలో ఉంటే నీటి నడక అంత సాఫీగా ఉంటుంది. మొగ తవ్వడాన్ని చేపల కోసం అడిగే పనిగానే కాగితాల మీద చూస్తున్నారు. అది వరద పని కూడా. ఆ మాట జాలర్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు, వ్యవసాయదారులు వాళ్లతో గొంతు కలపాలి.

పూర్వం చెరువు బాగుకు దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు మరమ్మతు చూసుకున్నవాళ్లకు భూమి మీద హక్కు. ఊరంతా కలిసి చేసే కుడిమరామత్తు ఉండేది. కట్ట తెగే ప్రమాదం వస్తే కూలిపని చేసే మగవాళ్లంతా పనికి రావాలని మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1858లో చట్టమే చేశారు. ఆ బలవంతపు చాకిరీలో ఎవరి వీపు వంగిందో నాకు తెలుసు, దాన్ని తిరిగి తెమ్మనడం లేదు. కట్ట మీదికి రమ్మంటే మాలపల్లె, మాదిగపల్లె, యానాది గూడెం వచ్చేవి, ఆయకట్టు పంట మాత్రం వేరే ఇళ్లకు చేరేది. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. బాగా పనిచేసిన చోట బాగా పనిచేశాయి. కానీ తూము తాళం తిప్పే నీరుగంటి ఉద్యోగం చాలా ఊళ్లలో ఎవరిదీ కాకుండా పోయింది. షట్టర్ తుప్పుపట్టి బిగుసుకుంటే తిప్పే మనిషి లేడు, గ్రీజు పెట్టే మనిషి లేడు. అన్నమయ్య ప్రాజెక్టు పెద్దది, మన ఊరి తూము చిన్నది. తిరగని గేటు మాత్రం రెండు చోట్లా ఒకటే పని చేస్తుంది.

యానాదుల మాట వచ్చింది కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. శ్రీహరికోట దీవి వాళ్ల పుట్టిల్లు. వంద ఏళ్ల కిందట థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి రాసిన పుస్తకంలో శ్రీహరికోట యానాదులకు ప్రత్యేకంగా చోటుంది. దీవి నుంచి కట్టెలు బకింగ్‌హాం కాలువ పడవల మీద మద్రాసు పోయేవి, ఆ అడవిలో పనిచేసింది వీళ్లే. రాకెట్ కేంద్రం వచ్చాక అడవి దాటి ఒడ్డుకు వచ్చారు. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా వీళ్ల కోసం పనిచేశారు, వీళ్ల మీద పుస్తకం రాశారు, 1973లో దేశం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన పోయి నలభై ఏళ్లు దాటినా, ఈ రోజు చెరువు కట్ట కింద, వాగు పోరంబోకులో, రొయ్యల గుంటల కాపలా గుడిసెలో ఉన్నది యానాది కుటుంబమే. నీళ్లు ముందు తాకేది వాళ్లనే. మాట చివర చేరేది వాళ్లకే.

చేరినా కదలరు అని అధికారులు విసుక్కోవడం విన్నాను. ఎందుకు కదలరో కూర్చుని అడిగితే చెబుతారు. గుడిసె వదిలిపోతే గుడిసె పోతుంది, దానికి పట్టా లేదు కాబట్టి పరిహారం రాదు. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, పునరావాస కేంద్రంలో పేరు రాయించుకోవడానికి కాగితం లేదు. ఆ బడి వరండాలో పక్క ఊరివాళ్లు తమను ఎక్కడ కూర్చోబెడతారో తెలుసు. కుక్కను తీసుకురావద్దంటారు, ఆ కుక్క లేకుండా వాళ్లకు రాత్రి గడవదు. గుంట యజమాని అనుమతి లేకుండా కాపలా వదిలితే అడ్వాన్సు బాకీ మెడకు చుట్టుకుంటుంది. ఇందులో ఏ ఒక్కటీ వాన పడే రాత్రి తీరేది కాదు. అన్నీ ఎండాకాలంలో తీరవలసినవే. మొండితనం అని రాసుకుని వెళ్లిపోయే అధికారి ఆ పల్లెకు మే నెలలో రావాలి.

ఇదే యానాదులకు తెలిసిన విద్య మనకు అక్కరకొస్తుంది. కట్టకు మొదటి శత్రువు ఎలుక. బొరియ కట్ట ఈ వైపు నుంచి ఆ వైపుకు పోతే నీళ్లకు సొరంగం ముందే తవ్వి పెట్టినట్టు. ఎండ్రకాయ బొక్కలు, చచ్చిన చెట్ల వేళ్ల సందులు కూడా అంతే. కట్ట మీద నడుచుకుంటూ గడ్డి వాలిన తీరు, తవ్విపోసిన తాజా మట్టి, బొరియ నోటి దగ్గర కొరికిన వడ్లు చూసి లోపల ఎలుక ఉందా, దారి ఎటు పోయింది అని యానాది చెప్పగలరు. చీకట్లో చేత్తో తడిమి చెప్పగలరు. ఈ పరిజ్ఞానం మా శాఖ పరీక్షల్లో లేదు. ప్రతి ఏడూ ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రతి చెరువు కట్టనూ యానాది బృందంతో నడిపించి, బొరియలు గుర్తించి, తవ్వి, గట్టిగా దిమ్మిస చేయించడానికి కూలి ఇవ్వండి. ఉపాధి హామీ పనిలో దీనికి చోటు చూడండి. కూలి ఇచ్చి, వాళ్ల మాట పుస్తకంలో రాసి, వాళ్ల చేత వేలిముద్ర కాదు, సంతకం పెట్టించండి.

హెచ్చరికల సంగతిలో ఒక్కటి కోరుతున్నాను. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతుంది. జిల్లాకంతటికీ ఎరుపు అంటే రైతుకు ఏమీ తెలియదు. తన చెరువుకు, తన చప్టాకు ఏమవుతుందో తెలియాలి. అయ్యవారి పుస్తకంలో రెండో గడి అందుకు పనికొస్తుంది. పైన ఎంత పడితే ఎన్ని గంటలకు కాళంగి చప్టా ఎక్కుతుంది, ఏ చెరువు కలుజు మీద ఎన్ని అడుగులు లేస్తే ఏ కాలనీ కదలాలి అనే లెక్క ఆ ఏళ్ల రాతలో దాగుంది. ప్రతి కలుజు దగ్గరా రాతి స్తంభానికి మూడు రంగుల గీతలు వేయండి. ఆకుపచ్చ దాటితే నీరుగంటి కట్ట మీద ఉండాలి. పసుపు దాటితే పశువుల పలుపులు విప్పాలి. ఎరుపు దాకా ఆగకుండా బడి తెరవాలి. బడి తాళం ఒకటి ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంటే చాలదు, ఆయన తిరుపతిలో కాపురం ఉంటారు. ఇంకొకటి ఊళ్లో ఒక ఆడమనిషి దగ్గర ఉండాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని బడికి ఆడపిల్లల తల్లి రాదు, ఆమె రాకపోతే ఇల్లే రాదు. నెలలు నిండిన వాళ్లను తుఫాను ముందు ఆసుపత్రికి చేర్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. దాన్ని పేరులేని వాయుగుండానికీ వర్తింపజేయండి.

ఊళ్లో ఎవరెవరికి చెప్పాలి, చెప్పానని ఎవరు సంతకం పెట్టాలి అన్న జాబితా స్వాతి కార్తె రాకముందే తయారుకావాలి. తూము తాళం ఎవరి దగ్గర, ఇసుక ఎక్కడ, ట్రాక్టరు ఎవరిది, పడవ ఎవరిది, మంచం పట్టిన ముసలివాళ్లు ఏ ఇంట్లో, కట్ట కింద గుడిసెలు ఎన్ని. ఆ కాగితం సచివాలయం గోడకు, చౌకదుకాణం గోడకు, రొయ్యల గుంటల దారి మొదట్లో ఉన్న టీ అంగడికి అంటించాలి. ఏటా ఒక రోజు, ఎండ కాస్తున్న రోజే, ఆ జాబితా పట్టుకుని ప్రతి పేరు దగ్గరికీ నడవాలి. చివరి గుడిసెకు మాట చేరడానికి ఎంతసేపు పట్టిందో రాయాలి. కాళంగి గడువు కంటే ఆ సమయం ఎక్కువైతే, ఇంకో మనిషిని, ఇంకో దారిని వెతకాలి.

అయ్యవారి కుటుంబం ఆ పుస్తకాలను ఈ ఊరి గ్రంథాలయానికి ఇవ్వడానికి ఒప్పుకుంది. పిల్లలు వాటిని కంప్యూటరులో ఎక్కించే పని వచ్చే వేసవి సెలవుల్లో మొదలవుతుంది. వర్షమాపకం కొలిచే పని బడిలో ఎనిమిదో తరగతి తీసుకుంటోంది. ఈ సెప్టెంబరులో మన పెద్దచెరువు కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తాం. యానాది గూడెం నుంచి నలుగురు ముందు నడుస్తామన్నారు, వాళ్లకు ఆ రోజు కూలి సంఘం ఇస్తుంది. నీటి సంఘం అధ్యక్షులు, వీఆర్వో, సచివాలయం ఇంజనీరు, రొయ్యల గుంటల యజమానులు కూడా రావాలని ఈ సభ నుంచే పిలుస్తున్నాను. గ్లాసు, కొడవలి, నోటుపుస్తకం తెచ్చుకోండి. పొద్దున ఆరు గంటలకు తూము దగ్గర కలుద్దాం.